కుర్చీలో కూర్చుంటే చాలు ఒంటేలుకి వస్తోందా? ముందు కొలవండి

విశాఖ మధురవాడ ఐటీ హిల్ మీద ఆఫీసులో తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చుంటారు. పదింటికి ఒకసారి, పదిన్నరకి ఒకసారి, పదకొండు కాకుండానే మళ్లీ. తీరా వెళ్తే వచ్చేది పావు గ్లాసు. లేచి అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ధ్యాసే ఉండదు. యూరిన్ టెస్టు నార్మల్, షుగర్ నార్మల్. ఇంట్లో వాళ్లేమో "వేడి చేసింది, బార్లీ తాగు" అంటారు. తాగితే ఇంకో రెండుసార్లు ఎక్కువ.

ఇలాంటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే. మూత్రాశయం నిజంగా నిండుతోందా, నిండకుండానే పిలుస్తోందా? మాత్రలు, కషాయాలు, కుర్చీ మార్చడం అన్నీ ఆ తర్వాతే. పెద్దవాళ్లలో మూత్రాశయం 300 నుంచి 500 మి.లీ. దాకా పడుతుంది. 150–200 దగ్గర మొదటి కబురు వస్తుంది, అది ఆపుకోగల కబురే. పగలు ఏడెనిమిది సార్ల లోపు వెళ్లడం మామూలే.

మూడు రోజుల లెక్క

లీటరు నీళ్ల బాటిల్ పైభాగం కోసేయండి. పిల్లల పాలసీసాతో 50 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ మార్కర్‌తో బయట గీత పెట్టండి. 500 దాకా పెడితే చాలు. ఈ గొడవంతా ఎందుకనుకుంటే సర్జికల్ షాపులో గీతలున్న యూరిన్ పాట్ అడగండి. మూడు రోజుల్లో ఒక్కటైనా ఆఫీసు రోజు ఉండాలి. సెలవు రోజులే రాస్తే ఆ కుర్చీ సంగతి బయటపడదు. నల్ల కవర్లో పెట్టి బ్యాగులో పట్టుకెళ్లండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రాయాల్సినవి: టైము, ఏం తాగారు ఎంత తాగారు, ఎంత పోశారు, ఎంత గట్టిగా వచ్చింది (0 నుంచి 3), అప్పుడు ఎలా ఉన్నారు (కుర్చీ, నడక, బండి, పడక). ఒక పేజీ ఇలా ఉందనుకోండి (టైము, ఎన్ని మి.లీ. పోశారు, ఎలా ఉన్నారు, ఎంత గట్టిగా వచ్చింది):

పొద్దున లేవగానే – 380 – పడక – 1
9.50 – 70 – కుర్చీ – 3
10.35 – 60 – కుర్చీ – 3
11.40 – 80 – మీటింగ్ – 2
2.15 – 260 – భోజనానికి బయటికెళ్లి వచ్చాక – 1

రాత్రంతా 380 ఆపిన మూత్రాశయం, బయట తిరిగినప్పుడు 260 పట్టిన మూత్రాశయం చిన్నదెలా అవుతుంది? కుర్చీలో మాత్రమే 60కే గోల చేస్తోందంటే లోపం ఎక్కువగా కండరాల బిగువులోనో, అలవాటులోనో ఉంటుంది. ఈ గైడు ప్రధానంగా ఇలాంటి వాళ్ల కోసమే.

లెక్క వేరేలా వస్తే దారి వేరు. వెళ్లిన ప్రతిసారీ 300 పైన వస్తూ, రోజు మొత్తం మీ బరువు కిలోలని 40తో గుణిస్తే వచ్చే మి.లీ. దాటితే (70 కిలోలకి 2,800) ఉత్పత్తే ఎక్కువైందని అర్థం. అప్పుడు తాగే నీళ్లు, షుగర్, బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేదేమైనా ఉందా అన్నది చూడాలి. పగలూ రాత్రీ కొద్దికొద్దిగానే వస్తూ మంట కూడా ఉంటే ఇన్ఫెక్షన్ గానీ, మూత్రనాళం అడుగున ఇరుక్కున్న రాయి గానీ కావచ్చు. యాభై దాటిన మగవాళ్లలో ధార సన్నబడి, పోసినా ఇంకా ఉన్నట్టనిపిస్తే ప్రోస్టేట్ చూపించుకోవాలి.

ఇవి కనిపిస్తే ఈ గైడు పక్కన పెట్టండి

మూత్రంలో రక్తం, నొప్పి లేకపోయినా సరే (నొప్పి లేని రక్తాన్నే ఎక్కువ అనుమానించాలి, పొగతాగేవాళ్లయితే మరీనూ). చలితో జ్వరం, నడుం పక్కన నొప్పి. ఎంత ముక్కినా చుక్క రాకపోవడం. తొడల మధ్య, ఆసనం చుట్టూ తిమ్మిరి, కాళ్లలో సత్తువ తగ్గడం, విరేచనం మీద పట్టు పోవడం. చివర చెప్పినవి వెన్నులో నరాలు నలుగుతున్న గుర్తులు, గంటలు కూడా ఆలస్యం చేయకూడదు. అర్ధరాత్రయినా క్యాజువాలిటీకే వెళ్లాలి. గర్భిణులు మాత్రం చిన్న మంట వచ్చినా ఆ రోజే చూపించుకోవాలి.

కుర్చీలోనే ఎందుకు

కుర్చీలో ముందుకి జారి, నడుం గుండ్రంగా వంచి కూర్చుంటే బరువు తుంటి ఎముకల మీద నుంచి జారి వెన్నుతోక మీద, మూత్రద్వారం వెనకున్న మెత్తటి భాగం మీద పడుతుంది. పొట్ట మడతపడి మూత్రాశయాన్ని నొక్కుతుంది. బిగుతు జీన్సు, బెల్టు ఉంటే మరీను. డెడ్‌లైను టెన్షన్లో దవడ బిగిసినట్టే కటి కండరం కూడా బిగుస్తుంది, కానీ అది మనకి తెలీదు. గ్యాస్ ఆపుకున్నప్పుడు బిగిసే కండరం అదే. గంటల తరబడి బిగిసి ఉన్న ఆ కండరం పంపే సంకేతాన్నే మెదడు ఒంటేలు అనుకుంటుంది.

ఒక చిన్న పరీక్ష: గట్టి చెక్క స్టూలు మీద 10 నిమిషాలు, ఆఫీసు కుర్చీలో 10 నిమిషాలు, కమోడ్ సీటు మీద 10 నిమిషాలు కూర్చోండి. మొదటి రెండిట్లో నొప్పి, మంట వచ్చి కమోడ్ మీద మాయమైతే ఆ భాగానికి వెళ్లే నరం మీద ఒత్తిడి పడుతోందేమో అని అనుమానించాలి. ఈ సంగతి డాక్టరుకి ఈ మాటల్లోనే చెప్పండి, "ఇబ్బందిగా ఉంటోంది" అని ఊరుకోవద్దు.

విశాఖలో ఇంకో తిరకాసు ఉంది. బయట ఉక్కపోత. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సెక్కి దిగేసరికి చొక్కా తడిసిపోతుంది, బాటిల్ మొత్తం ఒక్క గుక్కలో తాగేస్తారు. లోపల ఏసీలోకి రాగానే చెమట ఆగిపోతుంది. ఆ నీళ్లు ఇక వెళ్లే దారి కిడ్నీలే. గంటలో రెండుసార్లు లేచారంటే అది జబ్బు కాదు. గంటకో గ్లాసు చొప్పున గుటక గుటకగా తాగండి, ఏసీ గాలి నేరుగా తగిలే సీటు మార్చుకోండి.

కూర్చునే తీరు: పాదాలు పూర్తిగా నేల మీద, తుంటి మోకాళ్ల కంటే ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో, బరువు రెండు తుంటి ఎముకల మీద సమానంగా. వెనక భాగం కోసి ఉన్న యూ ఆకారం మెత్త వాడొచ్చు. మధ్యలో చిల్లున్న గుండ్రటి మెత్త చాలామందికి అక్కరకు రాదు, చుట్టూ ఒత్తి మధ్య భాగాన్ని కిందికి లాగుతుంది. 30–40 నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు నిలబడండి. ఆ లేచినప్పుడు మాత్రం టాయిలెట్ వైపు నడవకండి. అక్కడే అలవాటు ముదురుతుంది.

వదులు చేయడమా, బిగించడమా

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఒంటేలు సమస్య అనగానే కెగెల్ (కటి కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం) మొదలుపెడతారు. దగ్గినా తుమ్మినా చుక్క జారేవాళ్లకి అది పనిచేస్తుంది. ధార మొదలవడానికి టైము పట్టడం, మధ్యలో తెగడం, వెన్నుతోక నొప్పి, మలబద్ధకం, కలయికలో నొప్పి ఉంటే కండరం అప్పటికే బిగిసి ఉంది. దాన్ని ఇంకా బిగిస్తే సమస్య పెరుగుతుంది. ఏది మీదో తెలియకపోతే ముందు వదులు చేయండి, దానితో నష్టం లేదు.

నేల మీద వెల్లకిలా పడుకుని పిక్కలు మంచం మీద పెట్టండి. ఒక చెయ్యి బొడ్డు మీద. 4 లెక్కపెడుతూ గాలి పీల్చండి, పొట్ట చేతిని పైకి తోయాలి. అదే క్షణంలో ఆసనం దగ్గర కండరం కిందికి జారుతున్నట్టు గమనించండి. 6 లెక్కపెడుతూ వదలండి. 5 నిమిషాలు, పూటకోసారి. తర్వాత గుమ్మం పట్టుకుని మడమలు నేలకి ఆనించి 30 సెకన్లు గొంతుక్కూర్చోండి, మూడుసార్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది మానేసి పడుకుని మోకాళ్లు ఛాతీకి దగ్గరగా లాక్కోవచ్చు.

చుక్క జారేవాళ్లకైతే 6 సెకన్లు బిగించి, 6 సెకన్లు పూర్తిగా వదలడం, ఇలా 8 సార్లు, రోజుకి మూడు విడతలు, మూడు నెలలు. పోస్తూ మధ్యలో ధార ఆపి ప్రాక్టీసు చేయొద్దు.

కుర్చీలో కబురొచ్చిన క్షణంలో

లేవకండి. పరుగెత్తితే ఇంకా ఎక్కువవుతుంది. కబురు కెరటంలాంటిది, ఎక్కుతుంది, దిగుతుంది. చాలాసార్లు ఒకటి రెండు నిమిషాలు. కుర్చీలో వెనక్కి జరిగి నిటారుగా కూర్చుని, బెల్టు ఒక రంధ్రం వదులు చేసి, మడమలు 20 సార్లు లేపి దించండి. దవడ వదలండి. చుక్క జారే రకమైతే ఒక్కో సెకను చొప్పున 5 సార్లు చటుక్కున బిగించి వదలండి. బిగువు రకమైతే పైన చెప్పిన ఊపిరే. బుర్రకి పని పెట్టండి, పదిహేడో ఎక్కం వెనక నుంచి చదివితే సరిపోతుంది. కెరటం దిగాక 5 నిమిషాలు ఆగి, అప్పుడు మామూలుగా నడిచి వెళ్లండి.

ఇదే పద్ధతిని టైముకి కట్టాలి. మీ లెక్కలో సగటున 45 నిమిషాలకోసారి వెళ్తున్నారంటే మొదటి వారం గంటకోసారి. వారానికి 15 నిమిషాలు పెంచండి. రెండున్నర, మూడు గంటలు వస్తే చాలు. కనీసం ఆరు వారాలు చేయాలి. పెంచిన వారం తట్టుకోలేకపోతే పాత గ్యాప్‌కి వెళ్లి నాలుగు రోజులాగి మళ్లీ పెంచండి. "ఎందుకైనా మంచిది" అని ముందే వెళ్లొచ్చే అలవాటుకి ఒకే మినహాయింపు, విజయవాడ బస్సులాంటి దూరప్రయాణం ఎక్కబోయే ముందు.

పబ్లిక్ టాయిలెట్లో సీటుకి తగలకుండా గాల్లో వంగి పోస్తే కండరం వదలదు, సగం లోపలే ఉండిపోతుంది. సీటు తుడిచి కూర్చోండి, లేదా దేశీ లెట్రిన్ వెతుక్కోండి. అయిపోయాక అరనిమిషం ఆగి, కొద్దిగా ముందుకి వంగి ఇంకోసారి ప్రయత్నించండి.

నీళ్లు, టీ, కడుపు

భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని కుడుతుంది, ఇంకా ఎక్కువసార్లు వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, మే నెల ఉక్కలో తిరిగిన రోజు ఇంకో అరలీటరు. మూత్రం రంగు ఎండుగడ్డిలా లేత పసుపుగా ఉంటే సరి. టీ, కాఫీ, కూల్‌డ్రింకులు రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి, ఒకేసారి మానితే తలనొప్పి వస్తుంది. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు చెడ్డవి కావు, కానీ అవీ నీళ్లే, లెక్కలో రాయండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కొబ్బరి నీళ్లలోని పొటాషియం ప్రమాదం. మలం నిండి ఉంటే మూత్రాశయాన్ని వెనక నుంచి నొక్కుతుంది, కాబట్టి బీరకాయ, తోటకూర, జామకాయ, రాగి అంబలి ఈ గైడులో భాగమే.

పరీక్షలకి వెళ్లేటప్పుడు

కల్చర్ టెస్టుకి (మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష) మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి, అదీ యాంటీబయోటిక్ వేసుకోకముందే. ల్యాబుకి గంట రెండు గంటల్లో చేరాలి. ఫలితం రెండు మూడు రోజుల తర్వాత. ఆ లోపే షాపులో మాత్రలు కొని మింగితే క్రిమి దొరకదు. స్కానింగులో పోశాక ఎంత మిగిలిందో కూడా చూడమని అడగండి. ఇక్కడో మెలిక ఉంది. క్యూలో గంటన్నర ఉగ్గబట్టుకుని పొట్ట పగిలేలా అయ్యాక పోస్తే మిగులు ఎక్కువ కనబడుతుంది. మామూలుగా వచ్చినప్పుడు వెళ్లి, వెంటనే స్కాన్ చేయించుకోండి. మూడు రోజుల పేజీలు చేతిలో పెట్టుకుని వెళ్తే, మహారాణిపేట కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) యూరాలజీ ఓపీలో అయినా, మీ వీధి డాక్టరు దగ్గరైనా ఐదు నిమిషాల మాట ఒక్క నిమిషంలో అయిపోతుంది.

మూత్రాశయాన్ని శాంతపరిచే మాత్రలు, సోలిఫెనసిన్ లాంటివి, నోరు ఎండేలా చేస్తాయి, మలబద్ధకం తెస్తాయి, పెద్దవయసు వాళ్లలో తికమక తెస్తాయి, ప్రోస్టేట్ పెరిగి ఉంటే మూత్రం ఆగిపోవచ్చు. ఇదే పనికి వాడే మరో మాత్ర మిరాబెగ్రాన్. అది వేసుకునేవాళ్లు బీపీ చూపించుకుంటూ ఉండాలి. పక్కింటాయనకి పనిచేసిన స్ట్రిప్పు అడిగి తెచ్చుకోకండి. ఆయన లెక్క వేరు.