ప్రొజెస్టిరాన్ పడటం లేదా? మానేసే ముందు ఇవి చూడండి

మెనోపాజ్‌కి హెచ్‌ఆర్‌టీ, అంటే తగ్గిపోయిన హార్మోన్లని మందుగా ఇచ్చే చికిత్స, మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది నోట వచ్చే మాట ఇదే. ఈస్ట్రోజెన్ జెల్ రాసుకుంటున్నాక వేడి ఆవిర్లు తగ్గాయి, కీళ్ళ నొప్పులు తగ్గాయి, ప్రాణం లేచొచ్చింది, కానీ రాత్రిపూట వేసుకోమన్న ఆ ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ మాత్రం అస్సలు పడటం లేదు. కొందరు ఇక్కడే ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్కటీ మానేసి, జెల్ మాత్రం కొనసాగిస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే అందుతుంటే లోపలి పొర మందమవుతూ పోతుంది, పట్టించుకోకుండా వదిలేస్తే అది క్యాన్సర్ దాకా వెళ్ళొచ్చు. ఆ పొరని అదుపులో ఉంచడానికే ప్రొజెస్టిరాన్ ఇస్తారు. భరించలేనంత ఇబ్బందిగా ఉంటే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, అంతేగానీ ప్రొజెస్టిరాన్ ఆపి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడటం మాత్రం వద్దు.

ముందు: అసలు ఈ మందు మీకు అవసరమేనా?

గర్భసంచి తీయించుకున్నవాళ్ళకి మామూలుగా ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి, కాబట్టి ఇది మనవాళ్ళలో చాలామందికి వర్తించే సంగతే. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఎక్కువగా ఉండి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి మాత్రం ఒక్కోసారి కావాలనే ఇస్తారు. ఆపరేషన్ అయిందని కొత్త డాక్టర్‌కి చెప్పారో లేదో గుర్తు చేసుకోండి, పాత డిశ్చార్జి కాగితం ఉంటే తీసుకెళ్ళండి.

ఇంకో పని కూడా చేయండి. క్యాలెండర్ మీద రోజూ రెండు ముక్కలు రాసుకోండి: ఏ మందు వేసుకున్నారు, ఒంట్లో ఎలా ఉంది. నెలలో 12 నుంచి 14 రోజులు మాత్రమే ప్రొజెస్టిరాన్ వేసుకునే పద్ధతిలో ఉన్నవాళ్ళకి రెండు నెలల్లోనే విషయం తేలిపోతుంది. బాధ ఆ రోజుల్లోనే వచ్చి, ఆపిన కొద్ది రోజులకే పోతుంటే కారణం అదే అయ్యుండొచ్చు. నెలంతా ఒకేలా ఉంటే ఈస్ట్రోజెన్ మోతాదు చూడాలి, థైరాయిడ్ పరీక్ష చేయించాలి, రక్తహీనత ఉందేమో చూడాలి.

పొద్దున లేవలేకపోతున్నా, తల తిరుగుతోంది

నోటితో వేసుకునే ప్రొజెస్టిరాన్ కాలేయంలో అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థంగా మారుతుంది. మెదడుని నెమ్మదింపజేసే ఏ గాబా వ్యవస్థ మీద నిద్రమాత్రలు పనిచేస్తాయో ఇదీ అక్కడే పనిచేస్తుంది. అందుకే మగత, తూలు. నిద్ర పట్టనివాళ్ళకి ఇది వరమే, మిగతావాళ్ళకే ఇబ్బంది.

పగలు వేసుకుంటుంటే రాత్రికి మార్చడం మొదటి పని. అప్పటికే రాత్రి వేసుకుంటున్నా మగత వదలడం లేదంటే అన్నం ఎప్పుడు తింటున్నారో చూడండి, ఎందుకంటే భోజనంతో కలిపి వేసుకుంటే ఈ మందు ఒంట్లోకి ఎక్కువగా వెళ్తుంది. మన ఇళ్ళలో తొమ్మిదిన్నరకి, అందరికీ వడ్డించాక తినడం, ఆ వెంటనే మాత్ర, పడక, మళ్ళీ పొద్దున అయిదింటికి లేచి టిఫిన్ పనులు, ఇలా అయితే మత్తు వదలడానికి టైమే ఉండదు. వీలైతే ఎనిమిదిలోపు తినేసి, రెండు గంటలు ఆగి, పక్క మీదకి చేరాకే వేసుకోండి. వేసుకున్నాక వంటింట్లో మిగిలిన పనులు పెట్టుకోవద్దు. రాత్రి బాత్రూమ్‌కి లేస్తే కాసేపు మంచం అంచున కూర్చుని లేవండి. జలుబుకి వేసుకునే సెట్రిజిన్, నిద్రమాత్రలు, మద్యం ఈ మత్తుని పెంచుతాయి. పొద్దున మత్తుగా ఉంటే బండి నడపొద్దు.

ఇంత చేసినా తగ్గకపోతే అదే క్యాప్సూల్‌ని యోని ద్వారా పెట్టుకునే పద్ధతి గురించి డాక్టర్‌ని అడగండి. మందు కాలేయం గుండా ముందుగా వెళ్ళదు కాబట్టి మగత బాగా తగ్గుతుంది. అడగడానికి మొహమాటపడేవాళ్ళే ఎక్కువ, కానీ గర్భం నిలవడానికి ఇదే మందుని ఇదే దారిలో డాక్టర్లు ఎప్పటినుంచో ఇస్తున్నారు.

ఊరికే ఏడుపొస్తోంది, అందరి మీదా అరుస్తున్నా

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఇదే, ఇంట్లోవాళ్ళు అన్నిటికన్నా తేలిగ్గా తీసేసేదీ ఇదే. మగత తెప్పించే ఆ పదార్థమే కొందరిలో తలకిందులుగా పనిచేసి చిరాకు, దిగులు, టెన్షన్ పెంచుతుంది. వయసులో ఉన్నప్పుడు పీరియడ్స్ ముందు వారం నరకంగా గడిచినవాళ్ళకి, కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్ళకి ఈ అవకాశం ఎక్కువ. అది మీ స్వభావం కాదు, ఓర్పు లేకపోవడమూ కాదు. పాత సంగతులే కదా అని దాచకుండా డాక్టర్‌కి చెప్పండి, మందు ఎంపిక దాన్నిబట్టి మారొచ్చు.

ఇక్కడ దారులు చాలానే ఉన్నాయి. నెలలో కొన్ని రోజులు 200 మి.గ్రా. వేసుకునే పద్ధతి నుంచి రోజూ 100 మి.గ్రా. పద్ధతికి మారితే ఎగుడుదిగుళ్ళు తగ్గి కొందరు కుదుటపడతారు. పీరియడ్స్ ఆగి ఏడాది దాటినవాళ్ళకే సాధారణంగా ఇలా మారుస్తారు. ఇంకొందరికి మందు రకమే మార్చాలి, డైడ్రోజెస్టిరాన్ పడేవాళ్ళున్నారు. లేదంటే ప్రొజెస్టిరాన్ లాంటిదే అయిన లెవోనార్జెస్ట్రెల్ ఉన్న లూప్, అంటే మిరెనా లాంటిది, వేయించుకోవచ్చు. మందు ఎక్కువగా గర్భసంచిలోనే ఉండిపోతుంది, రక్తంలోకి కొద్దిగానే వెళ్తుంది. హెచ్‌ఆర్‌టీ కోసమైతే దాన్ని 5 ఏళ్ళకోసారి మార్చాలి. లూప్ కూడా అందరికీ పడుతుందని లేదు, కానీ మాత్రలతో విసిగిపోయినవాళ్ళు ఒకసారి ఆలోచించదగ్గది.

బతకాలనిపించడం లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, నెలాఖరు అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అదే రోజు ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కడుపు ఉబ్బరం, మలబద్ధకం

ప్రొజెస్టిరాన్ పేగుల కండరాలని వదులు చేసి కదలికని నెమ్మదింపజేస్తుంది. నీళ్ళు, నడక, పీచు ఉన్న కూరలు, రాత్రి భోజనం తేలిగ్గా ఉండేలా చూసుకోవడం చాలామందికి సరిపోతుంది. మొదటి రెండు మూడు నెలల్లో దానంతటదే తగ్గేదే ఎక్కువ. కానీ ఉబ్బరం వారాల తరబడి రోజూ ఉంటూ, కొంచెం తినగానే కడుపు నిండిపోతున్నా, బరువు తగ్గుతున్నా మందు మీదకి నెట్టేయకుండా స్కాన్ చేయించండి. అండాశయ సమస్యలు కూడా ఇలాగే మొదలవుతాయి.

రొమ్ముల్లో సలుపు

దీనికి ప్రొజెస్టిరాన్ ఎంత కారణమో ఈస్ట్రోజెన్ మోతాదు ఎక్కువవడమూ అంతే కారణం, అందుకే క్యాలెండర్ రాతలు పనికొస్తాయి. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్టున్నా వెంటనే చూపించుకోవాలి. క్యాన్సర్ భయంతో అడిగేవాళ్ళకి ఒక మాట: 2002లో అందరినీ భయపెట్టిన అమెరికా డబ్ల్యూహెచ్ఐ అధ్యయనంలో వాడినది మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే కృత్రిమ రకం. ఈ క్యాప్సూల్స్‌లో ఉండే మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్‌తో ముప్పు దానికన్నా తక్కువని తర్వాతి పరిశీలనలు సూచించాయి. అయినా మామోగ్రామ్ మానొద్దు.

మళ్ళీ బ్లీడింగ్ కనిపిస్తోంది

నెలలో కొన్ని రోజులే వేసుకునే పద్ధతిలో, క్యాప్సూల్స్ అయిపోయే సమయానికి పీరియడ్‌లా రావడం మామూలే. రోజూ వేసుకునే పద్ధతిలో మొదటి 3 నుంచి 6 నెలలు మరకలు కనిపించొచ్చు. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, ఆగిపోయి మళ్ళీ మొదలైనా, ధారగా పోతున్నా స్కాన్ చేసి పొర మందం చూడాలి, అవసరమైతే బయాప్సీ కూడా.

ఎక్కువమంది చెప్పని కారణం ఒకటుంది, మాత్రలు మర్చిపోవడం. ఊరెళ్ళినప్పుడు స్ట్రిప్ ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంకోటి, ఇంట్లో పూజ ఉందని, తిరుపతి ప్రయాణం ఉందని డేట్ జరపడానికి వాడే నోరెథిస్టిరాన్ మాత్రలు చాలా ఇళ్ళలో ఉంటాయి. హెచ్‌ఆర్‌టీలో ఉండగా వాటిని సొంతంగా కలపొద్దు, ఎక్కువ మోతాదులో ఆ మందు కొంత ఈస్ట్రోజెన్‌గా కూడా మారుతుంది, గతంలో రక్తం గడ్డకట్టినవాళ్ళకి అది మంచిది కాదు. ముందే డాక్టర్‌కి చెబితే తేదీలు వాళ్ళే సర్దుతారు.

మొటిమలు వస్తున్నా, జుట్టు ఊడుతున్నా మీ మందులో ఉన్నది నోరెథిస్టిరానో లెవోనార్జెస్ట్రెలో అయితే రకం మార్చమని అడగండి, ఈ రెండిటికీ మగ హార్మోన్ లక్షణం కాస్త ఉంటుంది.

మందుల షాపు దగ్గర

"ఇదీ అదే మేడమ్, కంపెనీ వేరు" అని ఇచ్చేస్తుంటారు. మామూలు క్యాప్సూల్, మందుని నెమ్మదిగా వదిలే ఎస్‌ఆర్ మాత్ర ఒకేలా పనిచేయవు, చీటీలో ఏది రాశారో అదే తీసుకోండి. వేరుశనగ, సోయా పడనివాళ్ళు అట్ట మీద ఏ నూనె వాడారో చదవండి, కొన్ని క్యాప్సూల్స్‌లో అవి ఉంటాయి. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రొజెస్టిరాన్ క్రీములు గర్భసంచి పొరని కాపాడతాయని నమ్మొద్దు. ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపీన్, టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ప్రొజెస్టిరాన్ బలం తగ్గుతుంది, అది డాక్టర్‌కి తప్పనిసరిగా తెలియాలి.

ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుడుతున్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. కళ్ళు పచ్చబడినా అదే రోజు చూపించుకోండి.

"ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా" అని పంపించేస్తే లేచి రావొద్దు. క్యాలెండర్ ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: వేసుకునే దారి మార్చొచ్చా, రకం మార్చొచ్చా, నా ఈస్ట్రోజెన్ మోతాదుకి ఈ ప్రొజెస్టిరాన్ సరిపోతుందా? జవాబు దొరక్కపోతే ఇంకో గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి.