గజ్జల హెర్నియాలోకి మూత్రాశయం జారితే గుర్తించడం, సరిచేయడం

గజ్జల్లో ఉబ్బు కనిపించగానే పేగు జారిందనుకోవడం పరిపాటి. పెద్దవారి గజ్జల హెర్నియాల్లో నూటికి 1 నుంచి 4 వరకు మూత్రాశయపు భాగం కూడా దిగివస్తుంది, కానీ చాలామందిలో ఆ సంగతి ఆపరేషన్ బల్ల మీద గాని బయటపడదు. కాబట్టి 50 దాటిన, ఒళ్లు బరువున్న, ప్రొస్టేట్ పెరిగి మూత్రం సన్నధారగా వచ్చే పురుషుడికి హెర్నియా ఉన్నప్పుడు వైద్యుడు మూత్రాశయాన్ని కూడా అనుమానించాలి.

అడగవలసినవి రెండే ప్రశ్నలు. మూత్రానికి వెళ్లివచ్చాక వాపు తగ్గుతోందా? తగ్గకపోతే, వాపును చేత్తో నొక్కినప్పుడు మళ్లీ కొంత మూత్రం వస్తోందా? సిగ్గు వల్ల ఈ మాట తమంతట తాముగా చెప్పేవారు అరుదు, అందుచేత సూటిగా అడగడమే మేలు. అయితే లేదన్నంత మాత్రాన మూత్రాశయం జారలేదని తేల్చేయకూడదు, ఎందుకంటే ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. అండకోశంలో నీరున్నట్టు అనిపించినా, వరిబీజమని నమ్మి సూది గుచ్చితే వచ్చేది మూత్రమే కావచ్చు.

అనుమానం కలిగితే మూత్రవిసర్జనకు ముందూ తరువాతా అల్ట్రాసౌండ్ చేయించి, అవసరమైతే సీటీ స్కాన్ తీయించాలి. మూత్రాశయంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో, నడుమ నొక్కుకుపోయిన డంబెల్ ఆకారం కనిపించవచ్చు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే నాళం కూడా కిందికి లాగబడితే కిడ్నీ ఉబ్బవచ్చు గనుక, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడటం మరవకూడదు.

చికిత్స సాధారణంగా మూత్రాశయాన్ని స్వస్థానంలోకి నెట్టి, మెష్‌తో (వల లాంటి పట్టీతో) పొట్ట గోడను బలపరచడమే. జారిన భాగం కుళ్లినా, అందులో కణితి ఉన్నా తప్ప దాన్ని సాధారణంగా కోసివేయనక్కరలేదు. ప్రొస్టేట్ అడ్డును కూడా సరిచేయకపోతే ముక్కుతూ మూత్రం పోసే బాధ మిగిలి, హెర్నియా తిరిగివచ్చే వీలుంటుంది.

శస్త్రచికిత్సలో మెళకువ శరీర మధ్యరేఖ వైపున అవసరం. అక్కడ హెర్నియా సంచి గోడ మందంగా, కొవ్వు అంటుకుని, కోస్తే రక్తం ఎక్కువగా ఊరుతుంటే ఆగి, కాథెటర్ (మూత్రాశయంలోకి వేసే గొట్టం) ద్వారా సెలైన్ నింపి చూడాలి. ఉబ్బితే అది మూత్రాశయమే. మూత్రాశయం తెగితే కరిగిపోయే దారంతో రెండు పొరలుగా కుట్టి, 7 నుంచి 14 రోజులు కాథెటర్ ఉంచాలి. ఆపరేషన్ తరువాత మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం తగ్గి పొత్తికడుపు నొప్పెట్టినా, కంటపడకుండా తెగి ఉండవచ్చని అదే రోజున పరీక్షించాలి.