అత్తమ్మతో సహా బర్గర్ తినడానికి వెళ్ళడం ఎలా

బర్గర్‌కి వెళ్దామనుకోగానే అందరూ "ఎక్కడ బాగుంటుంది?" అని అడుగుతారు. నేను ముందు క్యాలెండరు చూస్తాను. ఇది తిరుపతి కదా. శనివారం మా ఇంట్లోనే కాదు, మా వీధిలో చాలా ఇళ్ళల్లో నీసు వండరు. పెరటాసి నెల వచ్చిందంటే, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, నెలంతా ముట్టని వాళ్ళున్నారు. కొందరికి మంగళవారం, కొందరికి శుక్రవారం పట్టింపు. ఆదివారం ఉందిగా అంటారేమో, కొండ దిగిన యాత్రికులూ ఊళ్ళో వాళ్ళూ ఒకేసారి హోటళ్ళ మీద పడే రోజది. అన్నీ తీసేస్తే మిగిలేది సోమవారమో, బుధవారమో, గురువారమో. సాయంత్రం ఆరున్నరకల్లా కుర్చీల్లో ఉండాలి. ఆ టైముకి వంటగదిలో ఆర్డర్లు పోగుపడి ఉండవు, బండి పెట్టుకోను చోటు దొరుకుతుంది, మనం అడిగే ప్రశ్నలకి కుర్రాడు విసుక్కోడు. ఎనిమిది దాటితే ఈ మూడూ ఉండవు.

చోటు ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న లెక్క చిన్నది. ఎయిర్ బైపాస్ రోడ్డు వెంట, లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల ఇప్పుడు కెఫేలకి కరువు లేదు. ఫొటోలు చూసి పోకుండా మెనూ చూడండి. బిర్యానీ, నూడుల్స్, పిజ్జా, షవర్మా, చివరి పేజీలో నాలుగు బర్గర్లు ఉన్న చోట ఆ బర్గర్ టిక్కీ ఫ్రీజర్లోంచి తీసి నూనెలో వేసిందే అయ్యుంటుందని నా అనుమానం. ఆరేడు బర్గర్లే ఉండి, ఒక్కోదాని కింద ఏ బన్ను, ఏ మాంసం, ఏ చీజ్ అని రాసుంటే ఎవరో శ్రద్ధ పెట్టినట్టు. పెనం మన కళ్ళకి కనపడే చోటైతే మరీ మంచిది.

వెళ్ళేముందు ఒక ఫోన్ చేయండి. ముఖ్యంగా ఇంట్లో శాకాహారులుంటే. మా అత్తమ్మ గుడ్డు కూడా తినదు. "ఏమ్మా, ఈ రొట్టెలో గుడ్డు ఏసినారా?" అనేదే ఆమె మొదటి ప్రశ్న, అది సరైన ప్రశ్న కూడా. పేరున్న బర్గర్ కెఫేల్లో మెత్తగా, పైన మెరుస్తూ వచ్చే ఆ బ్రియోష్ బన్నుని మామూలుగా వెన్న, గుడ్డు కలిపిన పిండితో చేస్తారు, మెరుపు కోసం పైన గుడ్డు పూస్తారు. లోపల పనీర్ పెట్టినంత మాత్రాన అది శాకాహారం అయిపోదు. మన దేశంలో ప్యాకెట్ల మీది గుర్తుల లెక్కలో గుడ్డు మాంసాహారమే. గుడ్డు లేకుండా చేసే బేకరీలు కూడా ఉన్నాయి కాబట్టి అడిగి తెలుసుకోవడమే దారి.

రెండో ప్రశ్న మయోనైజ్ గురించి, అంటే బన్నుకి రాసే ఆ తెల్లటి చిక్కటి సాసు గురించి. పచ్చిగుడ్డు సొనతో చేసింది వద్దు, శాకాహారులకే కాదు, ఎవరికీ వద్దు. తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో, పక్కనున్న తమిళనాడు 2025 ఏప్రిల్‌లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించాయి. బయటి వేడికి సాల్మొనెల్లా లాంటి క్రిములు అందులో తొందరగా పెరుగుతాయి. మన ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. "ఎగ్‌లెస్సేనా అన్నా?" అంటే జవాబు టక్కున రావాలి. నసిగితే ఆ సాస్ వేయొద్దని చెప్పేయండి.

మూడోది నూనె. చికెన్ వేయించిన బాణలిలోనే ఆలూ ఫ్రైస్ కూడా వేస్తారా అని అడగండి. చాలా చోట్ల ఒకటే ఉంటుంది. ఒకటే అయితే అత్తమ్మకి ఫ్రైస్ తెప్పించను, పెనం మీద కాల్చిన పుట్టగొడుగుల బర్గరో, పనీర్‌దో చెబుతాను, అదీ పెనం బాగా గీకి కడిగాకే.

ఇక ఆర్డర్. నేను ఈ వ్యాసం రాయడానికి కారణమే ఇది. తలా ఒక బర్గర్ ఒకేసారి చెప్పొద్దు. టేబుల్ మొత్తానికీ కలిపి రెండేసి చెప్పండి, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేయించండి, అవి తిన్నాకే తర్వాతి రెండు. దోసె పెనం మీంచి దిగాక ఎంతసేపు కరకరలాడుతుందో బర్గర్ కూడా అంతసేపే బాగుంటుంది. ఆ తర్వాత బన్ను ఆవిరికి తడిసి అడుగు జారిపోతుంది, చీజ్ గట్టిపడి మైనంలా అయిపోతుంది. నలుగురికి నాలుగు బర్గర్లు ఒకేసారి తెప్పిస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు: ఒకరు ఫొటో తీస్తుంటారు, ఒకరు పిల్లోడి చేతులు కడిగించడానికి పోతారు, ఒకరు ఫోన్లో ఉంటారు, అప్పటికి సగం చల్లారిపోతాయి. రెండేసి వస్తే వచ్చినవి వచ్చినట్టు ఖాళీ అవుతాయి. పైగా అందరూ అన్నీ రుచి చూస్తారు, ఏది బాగుందో వాదించుకోవచ్చు, కడుపు నిండాక ఆపేయొచ్చు. కుర్రాడికి ముందే చెప్పాలి: "తమ్ముడూ, రెండు రెండుగా పంపించు. మొదటివి అయిపోయినాక మేమే చెప్తాం, అప్పుడు మొదలుపెట్టండి." మొదట వింతగా చూస్తారు గానీ, రద్దీ లేని టైమైతే కాదనరు.

కోయించడానికి ఒక పద్ధతుంది. మామూలు టేబుల్ చాకుతో నొక్కితే బన్ను అణిగి లోపలిదంతా పక్కకి దూకుతుంది. పళ్ళున్న బ్రెడ్ చాకు అడగండి. మధ్యలో పుల్ల గుచ్చి ఉంటే తీయకుండా, దానికి అటూ ఇటూ రంపం లాగినట్టు కోయాలి. వంటింట్లోనే కోసి తెస్తామంటే ఇంకా నయం.

దేనితో మొదలుపెట్టాలి? తేలిక రుచితో. ముందు శాకాహారం, తర్వాత కోడి, చివర మటన్. శాకాహారంలో ఆలూ టిక్కీది ఎక్కడైనా దొరుకుతుంది, దానికింత డబ్బు పెట్టక్కర్లేదు. పుట్టగొడుగులో, రాజ్మా బీట్‌రూట్ కలిపి కట్టిన టిక్కీయో ఉంటే అది చెప్పండి. పనీర్‌ది మటుకు జాగ్రత్త, మందపాటి పలకని మసాలా పట్టించకుండా పైన పిండి పూసి వేయిస్తే లోపలంతా చప్పిడి. మొదటి ముక్క కొరికినప్పుడు తెల్లటి మధ్య భాగానికి ఉప్పు తగిలిందా లేదా చూడండి, వంటవాడి పనితనం అక్కడే తెలిసిపోతుంది.

కోడిలో రెండు జాతులు. ఒకటి వేయించిన ముక్క. ఇందులో తొడ మాంసం అడగండి, రొమ్ము ముక్క కాస్త ఎక్కువ వేగితే పీచుపీచు అవుతుంది. మజ్జిగలో నానబెట్టినదైతే మెత్తగా ఉంటుంది. రెండోది కీమా టిక్కీ. కోడి కీమాలో కొవ్వు తక్కువ, అందుకే ఎండిపోతుందని కొందరు పైపైన కాల్చి దించేస్తారు. అది మాత్రం ఒప్పుకోకూడదు. అమెరికాలో పశుమాంసపు బర్గర్‌ని లోపల ఎర్రగా ఉంచి తినేవాళ్ళున్నారు, ఆ లెక్క కోడికి పనికిరాదు. కోడి మాంసం లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. మన దగ్గర థర్మామీటర్ ఉండదు కాబట్టి నాలుగు ముక్కలు చేయించడం ఇక్కడ కూడా పనికొస్తుంది. మధ్యలో గులాబీ రంగు, జిగట కనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. మా ఆయనకి ఈ మొహమాటం జాస్తి. "సర్లే, తినేద్దాం" అంటాడు. ఆ మాట వినొద్దు.

మటన్‌ది దొరికితే స్మాష్ బర్గర్ చేస్తారా అని అడగండి, పెనం కనిపించే చోటైతే లేచి వెళ్ళి చూడండి. మా చిన్నోడు ప్రతిసారీ కౌంటర్ దగ్గర నిలబడతాడు. కీమాని వదులుగా ఉండ కట్టి, పొగలొచ్చే దాకా కాలిన ఇనప పెనం మీద పెడతారు. పైన కాగితం వేసి బరువైన పలకతో ఒక్క నొక్కు. ఉండ అరచేతంత వెడల్పున పరుచుకుంటుంది, అంచులు పలచబడి చిటపటమంటూ ముదురు గోధుమరంగు తిరుగుతాయి. కొవ్వు బుడగలుగా పైకి తేలుతుంది. ఆ రంగే రుచి. మాంసంలో ప్రోటీన్ల తాలూకు అమైనో ఆమ్లాలూ చక్కెరలూ గట్టి వేడికి కలిసి జరిపే మార్పు అది. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు. ఉల్లిపాయలు ఎర్రబడేటప్పుడు, రొట్టె కాలేటప్పుడు వచ్చే కమ్మటి వాసనలో కూడా దాని పాత్ర ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే: నొక్కడం మొదటి అర నిమిషంలోనే జరగాలి. సగం ఉడికాక అట్లకాడతో మళ్ళీ మళ్ళీ అణుస్తుంటే రసమంతా పెనం పాలవుతుంది. అలా చేసే చోట మటన్ కోసం రెండోసారి డబ్బు పెట్టను.

చీజ్ దగ్గర పెద్దగా ఆలోచించకండి. ఖరీదైన చెడ్డార్ ఎక్కువ వేడికి నూనె కక్కొచ్చు. మామూలు ప్రాసెస్డ్ స్లైసులో కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్ లవణాలుంటాయి కాబట్టి నున్నగా కరిగి మాంసానికి అతుక్కుంటుంది. బర్గర్ వరకు నా ఓటు చవకైన స్లైసుకే. రెండు రకాల చీజ్, మూడు సాసులు, పైన ఇంకో వేయించిన గుడ్డు అని పొరలు పేర్చి జానెడు ఎత్తు కట్టిన వాటి జోలికి పోను. నోట్లో పట్టనిదాన్ని కత్తీ ఫోర్కుతో విడదీసుకుని తినాల్సొస్తే దానికి బన్ను ఎందుకు? మా అత్తమ్మ అలాంటిదాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "ఇంత పెద్ద నోరు యాడుందమ్మా నాకు" అనేసింది. విమర్శకులెవరూ అంతకంటే బాగా చెప్పలేరు.

పెద్దవాళ్ళని ఇలాగే తినాలని బలవంతపెట్టొద్దు. మా అత్తమ్మ పై బన్ను తీసి పక్కన పెడుతుంది, లెట్యూస్ ఆకుని వేళ్ళతో లాగి నాకిస్తుంది, పుట్టగొడుగు టిక్కీని తుంచుకుని నంజుకున్నట్టు మధ్యమధ్యలో నిమ్మ సోడా తాగుతుంది. చివర్లో కింది బన్నుతో సాసు తుడుచుకుంటుంది. పై బన్ను వదిలేయడం షుగరున్నవాళ్ళకి మంచిదే, బ్రియోష్ పిండిలో చక్కెర కూడా పడుతుంది. పిల్లలకి మాత్రం పట్టుకోవడం నేర్పండి: రెండు చేతుల బొటనవేళ్ళూ చిటికెనవేళ్ళూ కింద, మిగతావి పైన. ముక్కలు చేయకుండా తినేదైతే తలకిందులుగా తిప్పి తినమనండి. పై బన్ను మందంగా ఉంటుంది కాబట్టి రసాన్ని అదే ఓర్చుకుంటుంది.

ఫ్రెండ్స్‌తో వెళ్ళడం వేరే సంగతి. వాళ్ళని నీసు పట్టింపులు అడగడం తేలిక, బిల్లు పంచుకోవడం కష్టం. తిన్నదాన్ని బట్టి లెక్కేయకుండా సమానంగా పంచుకుందామని ముందే అనుకోండి. అందరూ అన్నీ రుచి చూస్తున్నారు కాబట్టి న్యాయంగానే ఉంటుంది. శాకాహారులు ఒకరిద్దరే ఉంటే వాళ్ళ వాటా తగ్గించండి, మటన్ డబ్బు వాళ్ళతో కట్టించొద్దు. మా చెల్లెలు వాళ్ళు చిత్తూరు నుంచి వచ్చినప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ నడవవు. మా మరిది నేనంటే నేనని కౌంటర్ దగ్గర చేయి అడ్డం పెడతాడు, దానికి మందు లేదు.

బిల్లు చేతికొచ్చాక ఒకసారి కింద చూడండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. దాని పక్కన సర్వీస్ చార్జ్ అని వేసుంటే అది మన ఇష్టం. బిల్లులో దానంతట అది కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. రెండేసి ఆర్డర్లకి ఓపిగ్గా తిరిగిన ఆ కుర్రాడికి మాత్రం చేతిలో ఏదైనా పెట్టండి.

ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళకి పార్సిల్ కావాలంటే కట్టిన బర్గర్ తీసుకోకండి. బన్ను, టిక్కీ, సాసు, ఆకులు విడివిడిగా కట్టమనండి. ఇంటికొచ్చాక బన్నుని రెండుగా విప్పి, కోసిన వైపు కాస్త వెన్న రాసి దోసె పెనం మీద ఎర్రగా కాల్చండి. టిక్కీని అదే పెనం మీద మూత పెట్టి, రెండు చుక్కలు నీళ్ళు చిలకరించి, లోపలి దాకా పొగలొచ్చేట్టు వేడి చేయండి. చీజ్ స్లైసు ఆఖర్న వేసి, కరగడం మొదలవగానే దించేయండి. సాసు కింది బన్నుకి రాసి, దానిమీద ఆకు, ఆకు మీద టిక్కీ. అలా పెడితే టిక్కీ రసం బన్నులోకి అంత తొందరగా దిగదు.