విశాఖలో ఒక్కరోజే ఉన్నవారు తొట్లకొండతో మొదలుపెట్టండి

విశాఖపట్నంలో మీకు ఒక్కరోజే వ్యవధి ఉంటే, నేరుగా రామకృష్ణా బీచ్‌కు వెళ్లకుండా, ఎండ ముదరకముందే భీమిలి రోడ్డులో సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న తొట్లకొండకు చేరుకోండి. రెండు వేల ఏళ్లనాటి ఈ బౌద్ధారామానికి ఆ పేరు రావడానికి కారణం, భిక్షువుల నీటి అవసరాల కోసం రాతిలో తొలిచిన తొట్లే. వాటి అంచున నిలబడి చూస్తే గోడలపై ఉలి గాట్లు, తల ఎత్తితే సముద్రం కనిపిస్తాయి. నగరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పైన నీడ తక్కువ కనుక మంచినీళ్లు, గొడుగు తప్పక తీసుకెళ్లండి.

అక్కడినుంచి భీమిలి వెళ్లి డచ్చివారి సమాధులు చూసి, మధ్యాహ్నం తరువాత నగరానికి తిరిగి వస్తే, 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లవచ్చు. లోపలి గుండ్రటి ద్వారాల్లో నడుము బాగా వంచి దాటవలసి ఉంటుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలను ముందే హెచ్చరించండి. సోమవారం ఆ ప్రదర్శనశాలకు సెలవు.