జెలటిన్ పూలు – 3: తీగ మీద పొర పట్టించడం

పోయిన పాఠంలో కేకు మీద అలంకరణకు పెట్టే జెలటిన్ మందారానికి 26 గేజ్ సన్న తీగతో ఐదు రేకల చట్రాలు వంచి, కాడల దగ్గర మెలిపెట్టి ఉంచాం. వాటిలో ఏ ఒక్కదానికైనా మెలిక దగ్గర సందు ఉంటే ఇప్పుడే బిగించండి. సందు ఉన్నచోట పొర నిలవదు, టప్పున పగులుతుంది. చిన్నప్పుడు బొప్పాయి ఆకు కాడతో సబ్బు బుడగలు ఊదినవాళ్లకు ఇవాళ్టి పని సగం వచ్చినట్టే. తేడా అల్లా, ఈ బుడగ ఎండి చేతిలో మిగులుతుంది.

జెలటిన్ పొడి 10 గ్రాములు, అంటే దాదాపు ఒక టేబుల్ స్పూను. చల్లటి నీళ్లు 45 మిల్లీలీటర్లు. ముందు గిన్నెలో నీళ్లు పోసి, వాటి మీద పొడిని వానజల్లులా చల్లాలి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడతాయి, ఆ ఉండలు ఎంత కలిపినా విడవవు. పది నిమిషాల్లో పొడి నీళ్లు పీల్చుకుని, నానిన సగ్గుబియ్యంలా ఉబ్బుతుంది. అప్పుడు ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. నేరుగా పొయ్యి మీద పెట్టకండి. జంతువుల తోళ్లు, ఎముకల్లోని కొల్లాజెన్ నుంచి తీసే పదార్థం ఇది. మరిగితే దాని పట్టు సడలిపోతుంది.

అన్నట్టు, శాకాహారుల ఇంటి కేకు అయితే ముందే అడిగి చేయండి. చైనా గ్రాస్ వాడవచ్చు కదా అంటారేమో. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, గడ్డకట్టాక మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల వేడి కావాలి. ఈ కొలతలు, ఈ పద్ధతి దానికి పనికిరావు.

కరిగిన జెలటిన్‌లో పావు టీస్పూను తినదగిన గ్లిజరిన్, రెండు చుక్కల ఎరుపు రంగు కలపండి. గ్లిజరిన్ లేకపోతే ఎండిన రేక పెళుసెక్కి అంచుల్లో పగులుతుంది. రంగు నీటిలో కరిగేదే కావాలి. చాక్లెట్ కోసం అమ్మే నూనె రంగు చుక్కలు చుక్కలుగా తేలుతుంది. కలిపేటప్పుడు గిలక్కొట్టవద్దు. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నురగ పైకి తేలుతుంది, దాన్ని చెంచాతో తీసేయండి. మిగిలిన ఒక్కొక్క బుడగా రేకలో ఒక్కొక్క చిల్లు.

ఇక అసలు కిటుకు వేడిలో ఉంది. ద్రవం 40 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోతే పసిబిడ్డ స్నానానికి నీళ్లు చూసుకున్నట్టు వేలు ముంచి చూడండి. వేడి ఎక్కువైతే పొర పలచనై జారిపోతుంది. చల్లారితే చారలు కడుతుంది. చిక్కబడగానే గిన్నెను మళ్లీ వేడినీళ్లలో పెట్టండి. ఐదు రేకలు ముంచేలోపు నేను కనీసం రెండుసార్లు పెడతాను.

చట్రాన్ని ఏటవాలుగా, అంచు ముందుగా దించి పూర్తిగా ముంచండి. పెనం మీద అట్టును అంచు నుంచి లేపినట్టు, అంతే నిదానంగా పైకి తీయండి. తొందరపడితే పొర మధ్యలో చిరుగుతుంది. చిరిగితే బెంగ వద్దు, మళ్లీ ముంచండి. పొర నిలిచాక రేక కొసన వేలాడే చుక్కను గిన్నె అంచుకు తాకించి వదిలించండి. అర నిమిషం పాటు కాడను వేళ్ల మధ్య తిప్పుతూ ఉంటే జెలటిన్ ఒకవైపు పేరుకోకుండా గట్టిపడుతుంది. తర్వాత కాడను థర్మాకోల్ ముక్కలో గుచ్చండి. రేకకూ రేకకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి.

ఫ్యాను కింద ఎనిమిది గంటలు. వానాకాలంలో ఇది చాలదు. ఒక ఆషాఢంలో తొందరపడి సాయంత్రమే రేకలన్నీ ఒక డబ్బాలో సర్దాను. పొద్దున చూస్తే ఐదు రేకలూ ఒకే ముద్ద, మధ్యలో తీగలు ఎముకల్లా కనిపిస్తున్నాయి. అప్పటి నుంచి వేలితో తాకి, జిగట పూర్తిగా పోయిందని తేలాకే తీస్తున్నాను.

ఎండేకొద్దీ జెలటిన్ ముడుచుకుని తీగను కొంచెం లాగుతుంది. రేక అంచు వంకర తిరిగితే సరిచేయకండి. మందారానికి ఆ వంపు అందం. నేర్చుకునేవాళ్లను గులాబీకి కాకుండా మందారానికి కూర్చోబెట్టింది కూడా ఇందుకే. గులాబీలో వంకర రేక తప్పులా కనిపిస్తుంది.

మిగిలిన జెలటిన్‌ను మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు నిలుస్తుంది, మళ్లీ కరిగించి వాడుకోవచ్చు. ఎండిన రేకలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే చెమర్చి జిగురవుతాయి.

వచ్చే పాఠానికి ఎర్ర మందారం ఒకటి కోసి, మధ్య కాడ చివర ఉన్న ఐదు ఎర్ర చుక్కలను పరిశీలించి ఉంచండి. రెండు చెంచాల బొంబాయి రవ్వ, కాస్త పసుపు రంగు కూడా కావాలి. పుప్పొడి వాటితోనే చేస్తాం.