డ్యూటీ దిగాక యూనిఫాం సంగతి

మా వీధిలో ఈ మధ్య ఇద్దరు పిల్లలకు రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి. ఒకరు పట్టాలు బాగుచూసే ట్రాక్ మెయింటెయినర్, ఇంకొకరు స్టేషన్లో బండి దారి మార్చే పాయింట్స్‌మన్. జీతం చేతికి రాకముందే యూనిఫాంలో ఫొటోలు దిగారు. ఆ సంతోషం నాకు తెలుసు. పాలమూరు జిల్లాలో స్టేషన్ మాస్టర్‌గా నేను తెల్లబట్టలు మొదటిసారి వేసుకున్న రోజు మా అమ్మ దిష్టి తీసింది. ఆ పిల్లలకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

డ్యూటీ ఇంకొకరికి అప్పగించి దిగిన వెంటనే బట్టలు మార్చుకోండి. ఒక చేతిసంచిలో చొక్కా, ప్యాంటు పెట్టుకుని వెళ్తే చాలు. కనీసం నేమ్ ప్లేట్ అయినా తీసి జేబులో వేసుకోండి. ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెప్తాను.

చాలా ఏళ్ల కిందటి మాట. నైట్ డ్యూటీ దిగి, స్టేషన్‌కు కాస్త దూరంలో ఉన్న హోటల్లో యూనిఫాంతోనే చాయ్ తాగుతున్నాను. నెత్తిన మూటతో ఒక పెద్దమ్మ వచ్చి, కర్నూలు బండి ఎప్పుడస్తదని అడిగింది. కొడుకు అక్కడ పెద్దాసుపత్రిలో ఉన్నాడట. ఆ ఊరికి వెళ్లే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ లేటుగా నడుస్తోందని డ్యూటీ దిగే ముందు విన్నాను. "ఇంకా టైముంది, కూర్చో అమ్మా" అని చాయ్ కూడా ఇప్పించాను. ఆ బండి దారిలో టైము కలుపుకుని వచ్చేసింది. ఆమె ప్లాట్‌ఫాం మీదికి చేరేసరికి చివరి బోగీ కదిలిపోతోంది. నేను వెనకాలే పరిగెత్తాను. ఆమె నన్ను తిట్టలేదు. "తెల్లబట్టలేసుకున్నవని నిన్నడిగిన బిడ్డా" అంది, అంతే. బస్సు ఎక్కించి పంపాను గానీ ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది.

అందుకే ఎవరైనా అడిగితే "నేను డ్యూటీలో లేను, కౌంటర్లో అడగండి, లేదా 139కి ఫోన్ చేయండి" అని మర్యాదగా చెప్పండి. తెలిసిందే కదా అని నోటికొచ్చిన టైము చెప్పొద్దు.

మన ప్రవర్తనకు 1966 నాటి రైల్వే సర్వీసెస్ కండక్ట్ రూల్స్ ఉన్నాయి. ఉద్యోగికి తగని పని ఎప్పుడూ చేయకూడదని వాటిలోని మూడో నియమం చెబుతుంది. సెలవు రోజుకూ అది వర్తిస్తుంది. తప్పితే చిన్న శిక్షల చార్జిషీటు ఎస్ఎఫ్-11 గానీ, పెద్ద తప్పయితే పెద్ద శిక్షల చార్జిషీటు ఎస్ఎఫ్-5 గానీ చేతికొస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు దావత్‌లతో. పెళ్లయినా, బోనాలైనా ఎవరో ఒకరు గ్లాసు చేతిలో పెడతారు. రన్నింగ్ స్టాఫ్ (బండిలోనే పనిచేసే లోకో పైలట్లు, గార్డులు), బండ్లు నడిపించే పనితో నేరుగా సంబంధమున్న వాళ్లు డ్యూటీ ఎక్కడానికి 8 గంటల ముందు నుంచి మత్తు ముట్టకూడదు. రాత్రి 10కి డ్యూటీ అంటే మధ్యాహ్నం 2 తర్వాత చుక్క కూడా వద్దు. అది రూలు చెప్పిన హద్దు మాత్రమే, ఒళ్లు తేటపడటానికి ఇంకా ఎక్కువసేపు పట్టొచ్చు. నన్నడిగితే ముందు రోజు నుంచే మానేయండి. "కల్లుకేమైతది" అనే మాట వినకండి, ఊది చూపించే మిషను ముందు ఆ మాట నిలవదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: బహిరంగ స్థలంలో తాగడం సెలవు రోజైనా తప్పే. డబ్బు కట్టి జనం వెళ్లే చోటు కూడా బహిరంగ స్థలం కిందికే వస్తుంది. కల్లు కాంపౌండ్ కూడా అంతే.

ట్రాక్ మీద పనిచేసే తమ్ముళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఆరెంజ్ జాకెట్ వేసుకుని పొలానికి వెళ్లకండి, పక్కింటి వాళ్లకు ఇవ్వకండి. పట్టాల పక్క చేన్లో ఆ రంగు కనబడితే గ్యాంగ్ (పట్టాల మీద పనిచేసే బృందం) పనిలో ఉందేమోనని లోకో పైలట్ హారన్ మీద హారన్ కొడతాడు. ఉత్తిదేనని నాలుగుసార్లు తేలితే, ఐదోసారి నిజంగా మనవాళ్లే ఉన్నప్పుడు ఆ రంగును ఎవరు నమ్ముతారు?

ఉద్యోగులకు ఇచ్చే రైలు పాస్ మీద ఊరికి వెళ్తే టీటీఈకి పాసు, ఐడీ కార్డు రెండూ చూపించండి. ఇంజన్లో తెలిసినవాడున్నాడని అనుమతి లేకుండా ఎక్కొద్దు.

భార్య పేరు మీద ఇన్సూరెన్స్ ఏజెన్సీ ఉంటే ఆఫీసుకు తెలియజేయాలి. మీరు వెళ్లి స్టాఫ్ దగ్గర పాలసీలు కట్టించడం మాత్రం రూలుకు విరుద్ధం. వరకట్నం తీసుకున్నా, అడిగినా అంతే, దానికి 13-ఎ అని ప్రత్యేకంగా ఒక నియమమే ఉంది.

ఇంతసేపు డ్యూటీ దిగాక బట్టలు విప్పేయమన్నాను గానీ, ఒక్క చోట డ్యూటీ దిగడమనేది లేదు. లుంగీ మీద నడిచి వెళ్తూ రైలు పట్టా విరిగినట్టు చూస్తే అప్పుడు మీరు రైల్వేనే. పక్కనున్న స్తంభం మీది కిలోమీటరు నంబరు చదివి దగ్గరి స్టేషన్‌కు ఫోన్ చేయండి. బండి వచ్చే వైపు వీలైనంత దూరం పట్టాల పక్కగా పరిగెత్తండి. ఎర్రజెండా లేకపోతే రెండు చేతులూ తల మీదికి నిటారుగా ఎత్తి పట్టుకోండి, అది ప్రమాద సిగ్నలే. రాత్రయితే ఫోన్ లైటును గట్టిగా అటూ ఇటూ ఊపండి. గ్యాంగ్ వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.