కంప్యూటర్ సైన్స్ సీటుకి ఆప్షన్ల లిస్టు ఎలా రాసుకోవాలి: గోదావరి జిల్లాల పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ

మా అంబాజీపేటలో ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకులు వచ్చిన రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా ఒకటే ప్రశ్న, "ఏ కాలేజీ పెడుతున్నారు?" అని. చాలామంది ఒక్క పేరు చెప్తారు. ఒక్క పేరే చెప్పారంటే వాళ్ల లిస్టు ఇంకా తయారవలేదన్నమాట. మా తమ్ముడూ అలాగే చేశాడు. ఆప్షన్ అంటే కౌన్సెలింగ్‌లో మనం కోరుకునే ఒక కాలేజీ, అందులో ఒక బ్రాంచి. వాడు 11 ఆప్షన్లు పెట్టాడు, పదకొండూ పెద్ద కాలేజీలే, అన్నీ సీఎస్‌ఈనే (కంప్యూటర్ సైన్స్). కౌన్సెలింగ్ మొదటి విడతలో సీటు పడలేదు, రెండో విడతకి బాగున్నవన్నీ నిండిపోయాయి, చివరికి మేనేజ్‌మెంట్ సీటు (కాలేజీవాళ్లే నేరుగా ఇచ్చేది) తీసుకున్నాం. ఆ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, నాలుగేళ్లూ కొబ్బరి మీద వచ్చిందంతా నాన్న దానికే కట్టారు. అప్పటి నుంచి వీధిలో ఎవరు అడిగినా పక్కన కూర్చోబెట్టుకుని లిస్టు రాయిస్తున్నాను.

ముందు సీటు ఎలా పడుతుందో తెలియాలి. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ లిస్టుని పైనుంచి కిందికి చూస్తూ వస్తుంది, ఎక్కడ మొదట ఖాళీ కనపడితే అక్కడ సీటు ఇచ్చేసి ఆగిపోతుంది. పైన రాని కాలేజీ పెట్టినంత మాత్రాన కింద కాలేజీలో మీ అవకాశం తగ్గదు. అలాగే "ఇది ఎలాగూ వస్తుంది కదా" అని మామూలు కాలేజీని పైన పెట్టారంటే అదే పడుతుంది, దాని కింద ఉన్న మంచిది మీకు వచ్చేదే అయినా రాదు. అందుకే వరుస ఎప్పుడూ ఇష్టాన్ని బట్టే. ర్యాంకు లెక్క పనికొచ్చేది లిస్టు ఎంత కిందిదాకా వెళ్లాలో తేల్చుకోవడానికి.

ఇక ఒక పొడుగు నోటుపుస్తకం తీసుకోండి. గత ఏడాది లాస్ట్ ర్యాంకుల జాబితా, అంటే ఏ కాలేజీ సీట్లు ఏ ర్యాంకు దగ్గర ముగిశాయో చూపేది, దొరుకుతుంది, దొరికితే మూడేళ్లవీ తీయండి. అందులో మీ గడి మాత్రమే చూడాలి, అంటే మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్. బీసీ-బీ అమ్మాయి ఓసీ అబ్బాయిల గడి చూసుకుని భయపడిపోవడం నేను కళ్లారా చూశాను. మన గోదావరి జిల్లాలు ఏయూ లోకల్ కిందికి వస్తాయి, కాబట్టి తిరుపతి, అనంతపురం వైపు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం కాలేజీల్లో మనకి పోటీ పడటానికి ఉండేది లోకల్ వాళ్లకే అని కేటాయించని 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లే. ఆ జాబితా మొదటి విడతదా చివరి విడతదా అన్నది కూడా చూడండి, రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

మీ ర్యాంకు 20,000 అనుకుందాం. మీ గడిలో 12,000 నుంచి 17,000 లోపు ముగిసినవి ఆశ పెట్టుకునేవి. 18,000 నుంచి 27,000 మధ్యవి న్యాయంగా రావాల్సినవి. 30,000 దాటినవి ధీమా కోసం. ఇది నేను వాడుకునే కొలత, అంతే. జేఎన్‌టీయూ కాకినాడ సీఎస్‌ఈ లాంటిది ఓసీలో కొద్ది వేలకే అయిపోతుంది, అయినా ఇష్టం ఉంటే పైన రాసుకోండి, పోయేదేమీ లేదు. అసలు శ్రమ పెట్టాల్సింది మధ్య గుంపు మీద, మీకు సీటు పడేది ఎక్కువగా అక్కడే కాబట్టి. అందులో 15కి తగ్గకుండా ఉండాలంటాను. కింద గుంపులో సీటు పడితే నిజంగా వెళ్లి చేరతాను అనుకున్నవే రాయండి. చేరనని తెలిసిన కాలేజీని లెక్క కోసం రాస్తే ధీమా ఏముంది?

బ్రాంచి దగ్గర ఇంట్లో గొడవలు మొదలవుతాయి. నా మాట సూటిగా చెప్తాను: బోధన బాగున్న కాలేజీలో ఐటీ గానీ, ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) గానీ, డేటా సైన్స్ గానీ వస్తే, పాఠం చెప్పేవాళ్లే లేని చోట సీఎస్‌ఈ అన్న పేరు కంటే అదే మేలు. సి, డేటా స్ట్రక్చర్లు, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటి మూల పాఠాలు ఈ బ్రాంచిలన్నింటిలోనూ ఉంటాయి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదివినవాళ్లని కూడా చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగ పరీక్షకి రానిస్తాయి. అందుకని ఇష్టమైన కాలేజీ ఒకటి పట్టుకుని అందులో సీఎస్‌ఈ, దాని కిందే ఐటీ, దాని కిందే ఏఐ-ఎంఎల్ పెట్టుకుంటే లిస్టు దానంతటదే పొడుగవుతుంది.

కాలేజీని తూచడానికి ఫ్లెక్సీలు పనికిరావు. ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేసే చోట్లు ఉన్నాయి. మీరు అడగాల్సింది ఈ బ్రాంచిలో ఎంతమంది చదివారు, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత అని. 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేశాక కొన్ని కాలేజీల్లో సీఎస్‌ఈ సెక్షన్లు బాగా పెరిగాయి. సీట్లు పెరిగితే ఇంకా వెనక ర్యాంకులదాకా సీటు పడుతుంది, మనకి మంచిదే, కానీ 20 మంది పిల్లలకి ఒక అధ్యాపకుడు అన్న లెక్క అక్కడ నిలుస్తోందా? కాలేజీ సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అని, కాలేజీ తప్పనిసరిగా బయటపెట్టాల్సిన వివరాలు ఉంటాయి, అధ్యాపకుల పేర్లు అందులో లెక్కపెట్టండి. నాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసే సంస్థలు, నాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి, కాబట్టి మీ బ్రాంచికి ఉందో లేదో విడిగా చూసుకోండి. ఒక మామూలు రోజు సాయంత్రం కాలేజీ బస్సు ఆగే చోటికి వెళ్లి మూడో ఏడాది పిల్లల్ని "వారంలో ల్యాబ్ ఎన్నిసార్లు నిజంగా జరుగుతుంది?" అని అడిగితే చాలా సంగతులు బయటపడతాయి.

దూరం సంగతి అమ్మానాన్నలు కూర్చుని తేల్చాలి. కోనసీమ నుంచి భీమవరం వెళ్లాలంటే ఎక్కువగా చించినాడ వంతెన మీదుగా పోతారు, కాకినాడకి ఎదుర్లంక మీదుగా యానాం నుంచి పోతారు, సూరంపాలెం ఇంకా దూరం. రోజూ బస్సులోనే నాలుగు గంటలు పోతే రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఓపిక ఉండదు, కోడింగ్ నేర్చుకునేది ఆ రాత్రిళ్లే. హాస్టల్ ఖర్చు కూడా కాలేజీ ఫీజు పక్కనే రాసుకోండి.

జేఈఈ మెయిన్ ర్యాంకు ఉంటే జోసా (ఎన్ఐటీల్లాంటి కేంద్ర సంస్థల సీట్ల కౌన్సెలింగ్) లిస్టు వేరే కాగితం మీద. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. ప్రైవేటు యూనివర్సిటీల్లోనూ కన్వీనర్ కోటా (ఈ కౌన్సెలింగ్‌లోనే ఇచ్చే) సీట్లు ఉన్నాయి, వాటిని మీ ఈఏపీసెట్ లిస్టులోనే కలిపేసుకోవచ్చు.

పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. "మేమే ఆప్షన్లు పెట్టేస్తాం, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచండి" అంటూ ఇంటికొచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మంచినీళ్లిచ్చి పంపించేయండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు ముందే తీసి పెట్టుకోండి, చివరి రోజు పరిగెత్తితే దొరకవు.

రెండో విడతలో జాగ్రత్త. కొత్త సీటు పడితే పాతది దానంతటదే పోతుంది, మళ్లీ కావాలన్నా ఇవ్వరు. చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే అప్పుడు పెట్టాలి.

లిస్టు సేవ్ చేశాక ప్రింటు తీసి, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. కాలేజీ కోడ్లు, బ్రాంచి కోడ్లు మూడు నాలుగు అక్షరాలే, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కిందటేడు మా ఎదురింటి అమ్మాయి ఇలా చదువుతూ 23వ వరుస దగ్గర ఆగింది. సీఎస్‌ఈ అనుకున్న చోట సివిల్ పడి ఉంది. ఇంకా గడువు ఉంది కాబట్టి మార్చుకుంది, తర్వాత ఆమెకి సీటు పడింది ఆ 23వ దాంట్లోనే.